గోముఖం కంటే ముందు

మార్చి 3, 2024

సుమన టికెట్లు తీసేసింది. అడగలేదు, చెప్పింది. జూన్ తొమ్మిదిన సికింద్రాబాద్‌లో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి హరిద్వార్, ఆ తర్వాత బస్సులు మారుతూ గంగోత్రి. గంగోత్రి నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు నడిస్తే గోముఖం. కొండల మీది మంచు నదిలాగా మెల్లగా కిందికి జారుకుంటూ వచ్చి ఆగిపోయే చోటు అది. దాన్ని హిమానీనదం అంటారు, గంగ దాని నోట్లోంచి పుడుతుంది. ఈ సంగతులన్నీ సుమనకు పదేళ్లప్పుడు నేనే చెప్పాను. పెద్ద పంతులు పని చేశాను.

"మామా, నువ్వు మాటిచ్చినవ్. రిటైరైనంక తీస్కపోత అన్నవ్. రిటైరై ఏడు నెలలైంది. ఇంకేం సాకు చెప్తవో చెప్పు" అంది ఫోన్లో.

సుమన నా భార్య సుహాసిని అన్న జానయ్య కూతురు. ఇరవై ఎనిమిదేళ్లు. నార్కట్‌పల్లిలో మీసేవలో పని చేస్తూ, స్నేహితురాలు అల్మాస్‌తో కలిసి గది కిరాయికి తీసుకొని ఉంటుంది. నాలుగడుగుల మూడంగుళాల మనిషి. నిలబడితే మోకాళ్లు రెండూ ఒకదానికొకటి తగులుతాయి, పాదాలు మాత్రం దూరంగా ఉంటాయి. వాళ్లది మర్రిగూడ దగ్గరి ఊరు. ఆ దిక్కున కాళ్లు ఎందుకిట్లా అయ్యాయని ఎవరూ ఎవరినీ అడగరు. ఫ్లోరైడ్ నీళ్లు.

సంతోషపడాలి నేను. పడలేకపోతున్నాను. వెళ్లేలోపు దానికి ఒక మాట చెప్పాలి. చెప్పకుండా ఆ కాళ్ల వెనక పద్దెనిమిది కిలోమీటర్లు నడవలేను. చెబితే అది నన్ను వెంట రానివ్వదు. ఎటూ తేలడం లేదు. పైగా నా మోకాలు కూడా బాగుండడం లేదు.

మార్చి 4

కుడి మోకాలు. మెట్లు దిగేటప్పుడు ఎక్కువగా ఉంది.

మార్చి 10

పొద్దున్నే సుమన, అల్మాస్ చెర్వుగట్టు గుట్ట మీది గుడి మెట్లెక్కడానికి పోతూ నన్నూ లాక్కుపోయారు. నడక సాధన అట. నేను కింద ఒక మెట్టు మీద కూర్చొని నీళ్ల సీసాలకు కాపలా ఉన్నాను. సుమన ఒక్కో మెట్టు దగ్గరా ముందు కుడికాలు పైన పెడుతుంది, చెయ్యి తొడ మీద వేసి అదుముతుంది, అప్పుడు ఎడమకాలు వస్తుంది. అల్మాస్ పక్కనే నడుస్తుంది కానీ చెయ్యి పట్టుకోదు. పట్టుకుంటే తిట్లు పడతాయని ఆ పిల్లకు తెలుసు.

దిగి వచ్చాక ఫోన్లో ఎవరో తీసిన గోముఖం వీడియో చూపించింది.

"చూడు మామా, నీళ్లు బూడిద రంగున్నయ్. నువ్వేమో రాయి తగలని నీళ్లన్నవ్."

"మంచు రాళ్లను రాసుకుంటూ వస్తది గదా" అన్నాను.

"గది అప్పుడెందుకు చెప్పలే?"

పదేళ్ల పిల్లకు ఎంతవరకు చెప్పాలో అంతవరకే చెప్పాను. "మామా, మన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఏడికెల్లి వచ్చింది?" అని అడిగింది అప్పుడు. భూమిలోపలి రాళ్ల నుంచి అన్నాను. "మరి రాయి తగలని నీళ్లు ఏడుంటయ్?" అంది. మంచులో ఉంటాయన్నాను, గోముఖం పేరు చెప్పాను, తీసుకుపోతానన్నాను. ఆ మధ్యాహ్నం అది ఇంకో ప్రశ్న అడగకుండా ఉంటే చాలనుకొని అన్న మాట. అది పద్దెనిమిదేళ్లు దాచుకుంది.

మార్చి 17

ఇది ఒక్కసారి పూర్తిగా రాసేస్తే బరువు తగ్గుతుందేమో.

నా ఉద్యోగం నీళ్లు పరీక్ష చేయడం. ఊరూరికీ పోయి బోరింగుల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి ల్యాబులో ఫ్లోరైడ్ ఎంతుందో చూడాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ బోరింగుకు ఎర్ర రంగు పూయిస్తాం. తాగొద్దని దానర్థం. సీసా నింపడానికి ఒక రూలుంది. బోరింగును పది నిమిషాలు కొట్టి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, సొంత చేతులతో నింపాలి.

1997లో దసరాకు అత్తగారింటికి పోయాను. వాళ్ల ఇంటి ముందు కొత్తగా బోరింగు వేశారు, దాని శాంపిల్ కూడా నేనే తేవాల్సి ఉంది. పండుగ, పనీ రెండూ అయిపోతాయని సీసాలు సంచిలో వేసుకుపోయాను. అంతకుముందు ఆ ఇంట్లో తాగే నీళ్లు జానయ్య తెచ్చేవాడు. రోజూ సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకొని ఆరు కిలోమీటర్ల అవతలి ఊరి మంచినీళ్ల బావికి పోయేవాడు.

నేను సీసాలు తీసి బోరింగు దగ్గరికి పోబోతుంటే మా అత్త సైదమ్మ అడ్డం వచ్చింది. "పండుగపూట అల్లుడు బోరింగు కొట్టుడేంది, ఊరోళ్లు నవ్వరా? గవి ఇటియ్యుండ్రి, నేను నింపుత. మీరు కూసోండ్రి." మంచం వాల్చింది. నేను కూర్చున్నాను. సీసాలు నిండి వచ్చాయి, మూతలు కూడా బిగించే ఉన్నాయి. చీటీ రాసి అంటించాను.

0.8 వచ్చింది. మంచి నీళ్లు. ఆ ఊరికి నేనే చెప్పాను. జానయ్య బావికి పోవడం మానేశాడు. సుమనకు అప్పుడు ఏడాది దాటింది.

2005లో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన కుర్రాడు అదే బోరింగు శాంపిల్ తెచ్చాడు. 5.9. అంత తేడా ఎట్లా వస్తుందని నేనే ఊరికి పోయి అత్తను పక్కకు పిలిచి అడిగాను. ఆ రోజు సీసాల్లో ఏ నీళ్లు పోశావని.

"అల్లుడు పరీక్ష చేస్తరంటే బోరింగు నీళ్లెట్ల పోస్త అయ్యా? మీరు తాగనీకె బావికెల్లి తెప్పిచ్చిన బిందెలయే పోసిన. లేకుంటె మాకు చిన్నతనం గాదు?"

పరీక్ష అంటే పాసు కావాలి గదా. తనకున్న వాటిలో మంచి నీళ్లు ఇచ్చింది.

బయట జానయ్య నిలబడి ఉన్నాడు. "ఏమాయె బావా, గిట్లెందుకు మారినయ్ నీళ్లు?" అన్నాడు. నేను తల తిప్పుకోకుండానే చెప్పాను, భూమిలో నీళ్లు లోతుకు పోయాయి, అందుకే చెడిపోయాయని. అట్లా జరగడానికి అవకాశం ఉంది కూడా. ఆ అబద్ధం పుస్తకంలో ఉన్న మాటలాగే వచ్చింది నోట్లోంచి. సుమన అప్పుడు వాకిట్లో గచ్చకాయలు ఆడుకుంటోంది, తొమ్మిదేళ్లది, కాళ్లు చాపుకొని.

సైదమ్మ 2011లో పోయింది. తను చేసింది ఏమిటో ఆమెకు తెలియదు. ఇప్పుడు నాకొక్కడికే తెలుసు.

మార్చి 18

బరువు తగ్గలేదు.

మార్చి 19

ఆ నేల అంతా అంతే. కూరగాయల్లో ఉంటుంది, జొన్నల్లో ఉంటుంది. ఆ బావి నీళ్లే తాగినా ఎంతో కొంత వచ్చేది. జానయ్య ఎన్నాళ్లని సైకిలు తొక్కేవాడు? ఏదో ఒక రోజు మానేసేవాడు. ఇప్పుడంటే కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, బోరింగు నీళ్లు ఎవరు తాగుతున్నారు? అయిపోయిన పనిని తవ్వి ఎవరికి లాభం?

ఏప్రిల్ 2

మోకాలు చూపించుకున్నాను. ఎక్స్‌రే తీశారు. "మీ వయసుకు ఇంత మంచి మోకాళ్లు నేను చూడలేదు సార్, దేశమంతా తిరగొచ్చు" అన్నాడు డాక్టరు. సుహాసినికి మాత్రం జర అరిగిందన్నాడని చెప్పాను.

ఏప్రిల్ 14

ఎండ ఘోరంగా ఉంది. ఈ ఎండలో సుహాసిని స్వెట్టర్లు బయటికి తీసి దులుపుతోంది. తను రాదు, కానీ ప్రయాణం హడావుడి అంతా తనదే. మేనకోడలికి ఉన్ని సాక్సులు, నాకు కోతి టోపీ. ఆ టోపీ పెట్టి చూసి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది, నేనూ కాసేపు పెట్టుకొని కూర్చున్నాను.

సాయంత్రం సుమన వస్తే నేను మెల్లగా కదిపాను. గోముఖంలో గాలి పలచగా ఉంటదట, శ్రీశైలం పోతే ఎట్లుంటది, రోప్‌వే కూడా ఉంది అని.

"రోప్‌వే ఎక్కనీకె కాళ్లెందుకు మామా?" అంది. తర్వాత కొంచెం తగ్గి, "నేను గెలుచుడు గిలుచుడు ఏం లేదు. నడిచి ఒక దూరం పోవాలె. బస్‌స్టాండ్ కాడ నడిస్తెనే అందరు నా కాళ్లు చూస్తరు. ఒక్కసారన్న నేను చూసుడుండాలె, నన్ను చూసుడు గాదు" అంది.

నేను మజ్జిగ తాగి లోపలికి పోయాను.

ఏప్రిల్ 29

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

గోముఖం దారికి పర్మిషన్ కావాలి, దానికి ఆరోగ్యం బాగుందని డాక్టరు కాయితం కావాలంటున్నారు. సుమనను తీసుకొని నల్లగొండలో ఒక దవాఖానకు పోయాను. ఎముకల డాక్టరు. అమ్మాయి, సుమన ఈడుదే. ఓపికగా నడిపించి చూసింది, కూర్చోబెట్టింది, వంచింది. తర్వాత అడిగింది ఏ నీళ్లు తాగారని.

"మా ఇంటి ముంగట బోరింగు మేడం. 2005 దాక మంచిగుండె. అటెన్క నీళ్లు లోతుకు పోయి చెడిపోయినయ్. మా మామనే టెస్ట్ చేసిండు" అని సుమన నన్ను చూపించింది. గర్వంగా చూపించింది.

డాక్టరు రాస్తున్నది ఆపింది. "2005లో నీకెన్నేళ్లు?"

"తొమ్మిది."

"కాళ్లు ఎప్పటినుంచి వంగినయ్?"

సుమన చెప్పబోయి ఆగింది. "ఒకటో తరగతి ఫోటోల గిట్లనే ఉన్నయ్" అంది మెల్లగా.

"మరి నీళ్లు తర్వాత చెడితే కాళ్లు ముందెట్లా వంగుతాయమ్మా? పసిప్పటి నుంచీ ఎక్కువ ఫ్లోరైడ్ తాగితేనే ఇట్లా అవుతుంది. ఆ రిపోర్టు ఎక్కడో తప్పయి ఉంటది" అంది డాక్టరు. ఆమెకు అది మామూలు మాట. కాయితం మీద సంతకం పెట్టింది. సగం దారి గుర్రం మీద పోవాలని, ఊపిరి ఆడకపోతే వెనక్కి రావాలని చెప్పింది.

సుమన నా వైపు తిరిగింది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను. ఏప్రిల్ నెల, ఏదో మందుల కంపెనీ వాళ్లు వేసింది. ఆ క్యాలెండర్‌లో ఏ తారీఖు ఏ రంగులో ఉందో ఇప్పుడు కూడా చెప్పగలను.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నార్కట్‌పల్లి వచ్చేదాకా అది కిటికీలోంచి బయటికే చూసింది. దిగేటప్పుడు మాత్రం "జాగ్రత్త మామా, మెట్టు ఎత్తున్నది" అంది.

ఏప్రిల్ 30

ఫోన్ రాలేదు.

మే 1

రాలేదు. నేనూ చేయలేదు.

మే 5

చెప్పాను.

పొద్దున పదింటికి వాళ్ల గదికి పోయాను. ఆదివారం. అల్మాస్ బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి కుర్చీ వేసి, చాయ్ పెడతానని లోపలికి పోబోయింది. "నువ్వు కూడ ఉండమ్మా" అన్నాను. ఒక్కదాని ముందు చెప్పడానికి భయమేసింది, అదీ సంగతి.

దసరా, సీసాలు, మంచం, బిందె, 0.8, 5.9. ఏదీ దాచకుండా చెప్పాను. జానయ్యకు చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. అత్త పేరు వచ్చిన ప్రతిసారీ "ఆమె మంచికే చేసింది" అన్నాను. మూడు నాలుగుసార్లు అన్నాననుకుంటా, ఎందుకంటే సుమన "ఆమె మంచికే చేసింది మామా, ఆమెను జర ఇడిసిపెట్టు" అంది.

ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. రెండిటికీ సిద్ధమయ్యే పోయాను. ఏడిస్తే నేనూ ఏడవాలని, అరిస్తే తల దించుకోవాలని. బస్సులో కూర్చొని అవన్నీ అనుకున్నాను, సిగ్గు లేకుండా.

అది నేల మీద గోడకానుకొని కాళ్లు చాపుకొని కూర్చుంది. కాసేపు తన మోకాళ్ల వైపే చూసింది. తర్వాత అడిగింది.

"ఎన్ని ఊర్లల్ల?"

నాకు అర్థం కాలేదు.

"మా ఇంట్ల అల్లుడివి, కూసోపెట్టిన్రు. వేరే ఊర్లల్ల నువ్వు సారువు. సర్పంచులు కుర్చేసి, చాయిచ్చి కూసోపెట్టలేదా? సీసాలు వేరేటోళ్లు తీస్కపోయి నింపుకొని రాలేదా? గట్ల ఎన్ని ఊర్లల్ల నింపించినవ్?"

పంతొమ్మిదేళ్లుగా నేను మోసింది ఒక్క సీసానే. ఆ ఒక్కటే తప్పని, మిగతా ఉద్యోగమంతా సక్రమంగా చేశానని నమ్ముకొని బతికాను. మే నెల ఎండలో ఊరికి పోతే నీడన కుర్చీ వేసేవారు. ఎవరో ఒకరు "మీరెందుకు సార్, నేను తెస్తా" అని సీసాలు అందుకునేవారు. వాళ్లు ఏ నీళ్లు పోశారో నేనెప్పుడు చూశాను? పెద్ద సారు వచ్చాడని మంచివే పోసి ఉంటారు.

"నాకు యాదిలేదు" అన్నాను.

"యాది చేస్కో. నువ్వు రాకు గోముఖం. నీ టికెట్ క్యాన్సిల్ చేస్త, అల్మాస్‌కు తత్కాల్ల తీస్త. నేను వచ్చేలోపు ఊర్ల పేర్లు రాసిపెట్టు."

అల్మాస్ నన్ను బస్‌స్టాండ్ దాకా దిగబెట్టింది. దారిలో ఒక్క మాట అంది. "పైలంగ పొండ్రి అంకుల్." ఆ పిల్ల మర్యాద ఆ పూట తట్టుకోవడం కష్టమైంది.

మే 6

సుహాసినికి చెప్పాను. ఒకటే మాట అంది. "మా అమ్మ మీదికి నూకకు." నూకలేదన్నాను. "నూకినవ్. పండుగని, అల్లుడివని ఇంత కథ చెప్పినవ్. రూలు ఆమెకు తెల్వదు. నీకు తెలుసు."

స్వెట్టర్లు సర్దుతూనే ఉంది. నావి తీసి అల్మారాలో పెట్టేసింది.

మే 7

జానయ్యకు ఫోన్లో చెప్పాను. ఎదురుగా చెప్పాల్సింది. విన్నాడు.

"నువ్వు మంచిగున్నయ్ అన్నవని అప్పుడే సైకిల్ అమ్మిన బావా" అన్నాడు. పెట్టేశాడు.

మే 21

పాత రిజిస్టర్లు ఎప్పుడో చెదలు పట్టి పోయాయట, ఆఫీసులో అడిగాను. జ్ఞాపకం మీదే రాస్తున్నాను. మొదటి రోజు నాలుగు ఊర్లు వచ్చాయి. ఇప్పటికి పంతొమ్మిది. ఊరు పేరు గుర్తుకురాకపోయినా కుర్చీ గుర్తుకొస్తుంది, ఎవరి అరుగు మీద కూర్చున్నానో, ఏ చాయ్‌లో చక్కెర ఎక్కువైందో. ఇట్లాంటివి గుర్తుండి, నీళ్లు ఎవరు తెచ్చారో గుర్తులేదు. అలసిపోయాను. పడుకుంటే ఇంకో ఊరు వస్తుంది.

జూన్ 9

పొద్దున రైలు వెళ్లిపోయింది. సుహాసిని స్టేషన్‌కు పోయి వచ్చింది. నేను పోలేదు, రమ్మనలేదు.

ఇరవై ఏడు.

జూన్ 17

సుమన గంగోత్రికి తిరిగొచ్చి ఫోన్ చేసింది. వాళ్ల అత్తకు. సుహాసిని స్పీకర్ పెట్టింది, నేను వంటింటి గడప దగ్గర నిలబడ్డాను.

తొమ్మిది కిలోమీటర్లు నడిచిందట. అక్కడి నుంచి ఐదు గుర్రం మీద. మర్నాడు చివరి నాలుగు కిలోమీటర్లు మళ్లీ నడిచింది, ఐదు గంటలు పట్టింది. అల్మాస్‌కు తల తిరిగితే సుమనే ఆమె బ్యాగు కూడా మోసిందట. అది చెప్పేటప్పుడు గొంతులో నవ్వు.

"ఎట్లున్నదే బిడ్డా?" అంది సుహాసిని.

"మురికిగున్నది అత్తా. మీద అంత మట్టి, రాళ్లు. మంచని చెప్తెనే తెలుస్తది. దగ్గరికి పోనియ్యరు, దూరంనుంచే చూడాలె. అయినా బాగున్నది. గంటసేపు కూసున్న. ఒక్కలు నా దిక్కు చూడలే, అందరు దాని దిక్కే చూస్తున్నరు."

సుహాసిని కళ్లు తుడుచుకుంది. అక్కడ దాని పక్కన కూర్చోవాల్సిన మనిషిని నేనే, ఇంకెవరూ కాదు.

చివరికి సుమన అంది, "ఆయన ఎన్ని రాసిండో అడుగు."

"ముప్పై ఒకటి" అన్నాను గడప దగ్గర నుంచే.

"రాసుడు అయిపోతె ఇంక తిరుగుడు మొదలువెట్టుమను" అంది.

జూన్ 23

రామన్నపేట దిక్కు పోయే బస్సెక్కాను. లిస్టులో మొదటి ఊరు. పాత బోరింగు ఇంకా ఉంది, పిడి ఊడిపోయింది. ఎర్ర రంగు ఆనవాళ్లేమీ లేవు. ఎదురింటి ముందు నిలబడి పిలిచాను.

ముప్పై ఏళ్ల మనిషి బయటికి వచ్చింది. గోడ పట్టుకొని వచ్చింది. కాళ్లు చూశాను, చూసినట్టు తెలియకుండా చూద్దామనుకున్నాను గానీ కుదరలేదు. "ఎవలు గావాలె సారూ, కూసోండ్రి" అని కుర్చీ లాగబోయింది. వద్దన్నాను. నిలబడే చెప్పాను. నీళ్ల టెస్టు నేనే చేశానని, శాంపిల్ నేను నింపలేదని, మంచివని నేను ఇచ్చిన రిపోర్టు తప్పై ఉండొచ్చని, నీ కాళ్లు ఆ నీళ్ల వల్లే ఇట్లా అయి ఉంటాయని. బాగా సాధన చేసి పోయాను గానీ మధ్యలో రెండుసార్లు మాట తడబడింది.

ఆమె మొహంలో కోపం కోసం వెతికాను. ఉంటే బాగుండేది. ఆమె నన్ను చూడడం లేదు.

"గ్రహణం నాడు నన్ను కడుపుల పెట్టుకొని కత్తిపీట వట్టిందని మా నాయినమ్మ చచ్చేదాక మా అమ్మను తిట్టింది సారూ" అంది. "ఇప్పటికి మా అమ్మ నా కాళ్లకు నూనె రాసుకుంట ఏడుస్తది."

తర్వాత లోపలికి తిరిగి గట్టిగా పిలిచింది.

"అమ్మా, ఓ అమ్మా, జర బయటికి రా. నీ తప్పు గాదంట."

లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.